తుంగభద్రకా, హీరాకుడ్‌కా? ఇల్లు కదల్చు రైతు చూడవలసిన సంగతులు

గడచిన మాఘమాసమున మన సంఘ సభ్యులొకరు కార్యాలయమునకు వచ్చి, తమ పేర గల పంట ఋణమెంత నిలువయున్నదో చూచి చెప్పుడనిరి. చూచి చెప్పితిమి. ఆయన తలయూచి, కొంతసేపూరకుండి, తమ వాటాధనము మాట గూడ నడిగిరి. వాటాధనము మాట యడుగు సభ్యుడు ఊరు విడువ దలచినవాడని సంఘపు పనిలో నుండువారికి వేరుగ చెప్పనక్కరలేదు. కుర్చీ చూపి కూర్చుండబెట్టితిమి. మెల్లమెల్లగా సంగతి బయటికి వచ్చెను.

ఆయనకు నాలుగెకరముల మాగాణి గలదు. కాలువ శివారున నున్న నేల. ఒకప్పుడు సార్వా, దాళ్వా రెండును పండిన చేనే. ఇప్పుడు తూర్పున రొయ్యల చెరువు, దక్షిణమున చేపల చెరువు. చెరువుల ఊట గట్టు క్రిందుగా చేనిలోనికి దిగుచున్నది. దాళ్వాలో ఆ రెండు ప్రక్కల నారు ఎఱ్ఱబారి, పిలకవేయక నిలిచిపోవుచున్నది. తానును చెరువు త్రవ్వించి కౌలుకిచ్చిన ధన మెక్కువయే వచ్చును. కాని చెరువు చేసిన నేల మరల వరికి వచ్చుట యెంత కష్టమో మన డెల్టాలో నెరుగనివారు లేరు. కొడుకులిద్దరు. పెద్దవానికి ఇద్దరు బిడ్డలు; పెద్దపిల్ల ఎనిమిదవ తరగతి. చిన్నవానికింకను పెండ్లి కాలేదు. నాలుగెకరములు ఇద్దరికి పంచిన చెరి రెండు. రెండెకరముల శివారు చేనుతో ఇల్లు గడచు కాలము కాదని ఆయన చింత. ఇచట నమ్మి వేరొకచోట కొన్నచో ఎకరమునకు రెండో మూడో ఎకరములు వచ్చునని బంధువులు చెప్పుచున్నారు.

బంధువులు రెండు దిక్కుల నున్నారు, అదియే చిక్కు. వారి భార్యగారి తమ్ముడు కర్ణాటక రాష్ట్రమున రాయచూరు జిల్లా సింధనూరు తాలూకాలో ఒక క్యాంపులో స్థిరపడియున్నాడు. ఈయన మేనత్త కుమారుడు ఒడిశా రాష్ట్రమున బర్‌గఢ్ జిల్లాలో అత్తాబిరా చెంత సేద్యము చేయుచున్నాడు. "మా యొద్దకు రండు అక్కా" యని తమ్ముడు, "ఇటు రావయ్యా బావా" యని మేనత్త కుమారుడు. ఇంటిలో పక్షములు రెండయినవి. ఎనుబదేండ్లు నిండిన తల్లిగారు మాత్రము ఏ పక్షమును గాదు. తాను ఎచటికిని రానని కూర్చున్నది.

ఇట్టి ప్రశ్న ఈ ఒక్క కుటుంబమునదే కాదు. మన సభ్యులలో మరికొందరి యిండ్లలోను ఇదే మాట వినబడుచున్నది. కావున ఆ రెండు తావులను కన్నులార చూచి వచ్చి వ్రాయుట మంచిదని తలచి, సభ్యుని చిన్నకుమారుని వెంటబెట్టుకొని బయలుదేరితిమి. చూచినదియు, అచటి పెద్దలవలన విన్నదియు, మాకు తోచినదియు ఇందు వ్రాయుచున్నాము.

డెల్టా రైతు పొరుగు రాష్ట్రములకు పోవుట క్రొత్త గాదు. తుంగభద్ర ఆనకట్ట 1953లో నీరిచ్చుట మొదలిడిన నాటినుండి గోదావరి, కృష్ణా జిల్లాలవారు అచటి నల్లరేగడిని కొని చదును చేసి వరి వేసిరి. హీరాకుడ్ ఆనకట్టను 1957 జనవరి 13వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు ప్రారంభించిరి. దాని క్రిందికిని మనవారు పోయిరి. మనకు కాలువ క్రింద వరి పండించు నేర్పు ధవళేశ్వరము ఆనకట్ట నాటినుండి, అనగా 1852 నుండి, తరతరములుగా వచ్చినది. ఆ నేర్పు నెరుగని మెట్టరైతునకు కాలువ క్రొత్తగా వచ్చినప్పుడు, ఆ నేర్పు గలవాడు చేరి చవుకగా నేల కొనెను. పోయినవారిలో బాగుపడినవారు పెక్కురు. చితికిపోయి తిరిగి వచ్చినవారును గలరు. కాని వారి మాట పెండ్లిపందిళ్లలో వినబడదు.

మొదట తుంగభద్ర మాట.

నరసాపురమునుండి హుబ్బళ్లి పోవు బండిలో హోసపేట దిగి, గంగావతి, కారటగి మీదుగా సింధనూరు చేరితిమి. గంగావతి దాటినది మొదలు మనయూరి మాటయే చెవిని బడుచుండెను. బియ్యపు మిల్లులు, ఎరువుల కొట్లు, టిఫిను హోటళ్లు, వానిపై తెలుగు బోర్డులు. క్యాంపులలో రామాలయములు, వాకిట ముగ్గులు, అరుగులపై చుట్టలు కాల్చు ముసలివారు. మా చిన్నవాడు "ఇది మన జిల్లాయే కదా" యనెను. కాని చేలవైపు చూచిన తరువాత ఆ మాట మరల ననలేదు. ఫాల్గునమాసమున పచ్చగా నుండవలసిన రెండవ పంట చేలు బీటలువారి యుండెను. బోదెలు ఎండిపోయి యుండెను.

కారణమిది. తుంగభద్ర జలాశయమునకు 33 గేట్లు. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయెను. మన తెలుగువాడే యగు గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడుగారి పర్యవేక్షణమున ఒక వారములో తాత్కాలికపు అడ్డు నిలిపిరి. ఆ సంవత్సరమునకు గండము గడచెను. కాని ఏడు పదుల యేండ్లు పైబడిన తక్కిన గేట్లును నమ్మదగినవి గావని తేలినందున, 2025లో నిలువను 80 టి.ఎం.సి.లకు పరిమితము చేసి, గేట్లన్నియు మార్చు పనికై 2025–26లో రెండవ పంటకు నీరు లేదనిరి. అంతకు ముందు 2023లో వానలు తప్పి జలాశయము నిండలేదు. మూడేండ్ల వ్యవధిలో రెండు పర్యాయములు రెండవ పంటకు చేటు వచ్చినదన్న మాట. గేట్లు క్రొత్తవి పడిన తరువాత ఈ యిబ్బంది తీరవచ్చును. తీరనిది వేరొకటి గలదు.

అది పూడిక. జలాశయము కట్టిన నాడు 133 టి.ఎం.సి.ల నీరు పట్టెడిది. ఇప్పటి కొలతల ప్రకారము సుమారు 105 టి.ఎం.సి.లే. తరిగిన నీటికి వాటాదారులు మాత్రము తరుగలేదు. కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ మూడును అందు వాటాదారులే.

ఇంకొక సంగతి క్రొత్తగా నేల కొనువా రెరిగియుండవలెను. సుమారు 227 కిలోమీటర్ల నిడివిగల ఎడమగట్టు కాలువను వరికై కట్టలేదు. క్షామపీడితమగు మెట్టనేల విస్తారముగా తడియవలెనను తలపుతో, జొన్న, ప్రత్తి, వేరుసెనగ వంటి ఆరుతడి పైరులకు లెక్కగట్టి, వరికి కొద్ది భాగమే యిచ్చిరి. ఏ సర్వే నంబరున ఏ పైరు వేయవలెనో అప్పుడే నిర్ణయించిరి. మనవారు పోయి తలకట్టున నంతటను వరియే వేసిరి. తలకట్టువాడు వరి వేసిన, శివారువానికి జొన్నకు గూడ నీరు చేరదు. మాన్వి, రాయచూరు ప్రాంతముల శివారు రైతులు ఏటేట కాలువ గట్లపై ధర్నాలు చేయుటకు మూల మిదియే. ఇచట శివారు బాధ పడలేక పోవు మన సభ్యుడు, అచట తలకట్టున కొన్నచో మరియొకని శివారు బాధకు తాను కారణమగును. చవుకయని శివారున కొన్నచో తన బాధ తనకే మరల వచ్చును. ఈ మాట వారి తమ్మునితో చెప్పగా, ఆయన నవ్వి, "బావగారికి తలకట్టునే చూపించెదను లెండి" యనెను. తలకట్టు నేల ధర యడిగితిమి. అప్పుడు నవ్వు మా వైపు లేదు. ఎకరమునకు మూడెకరములను మాట శివారునకే చెల్లును. తలకట్టున ఎకరమునకు ఎకరమున్నర వచ్చిన గొప్ప.

రేగడిలో ఏండ్ల తరబడి నీరు నిలిపి వరి వేయుటవలన చౌడు తేలిన నేలలు అచట విస్తారముగా గలవు. ఈ ఆయకట్టులో చౌడు, ఊట కలిసి చెరచిన నేల లక్ష హెక్టార్లకు చేరువగా నున్నదని పరిశోధకుల లెక్క. ఎండకాలమున పోయి చూచిన తెల్లని పొర కనబడును. వానకాలమున చూచిన ఏమియు కనబడదు. నేల చూచుటకు చైత్ర వైశాఖములే తగిన కాలము. మురుగు పోవు దారి యున్నదో లేదో, పల్లపు చేను ఎవరిదో, మన ఊట యెవరిమీద పడునో, ఎవరి ఊట మనమీద పడునో చూడక బయానా ఈయరాదు.

ఇక తుంగభద్ర మేలు చెప్పకున్న అన్యాయమగును. పండిన సన్నబియ్యమునకు అచట కొరత లేని గిరాకి. మన బాపట్ల పరిశోధన కేంద్రమున పుట్టి 1986లో విడుదలయైన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, అచటి మిల్లుల యంతటను తిరుగుచున్నది. బెంగుళూరు వర్తకుడు దానికే వచ్చును. ట్రాక్టరు, కోతయంత్రము, ఎరువు, మరమ్మతు అన్నియు చేతికందు దూరమున నున్నవి. కన్నడ లిపి మనకు చుట్టమే. చదువు వచ్చిన పిల్ల నెలలో అక్షరములు కూడబలుకుకొనును. పండుగలు, ఉగాది, ముహూర్తములు సమానము. చిన్నవానికి పిల్లను వెదకుటయు కష్టము గాదు. అచట మనము మాత్రమే పరాయివారము గాము. బంగ్లాదేశమునుండి వచ్చిన బెంగాలీ కాందిశీకుల పునరావాసపు క్యాంపులును సింధనూరు చెంతనే గలవు. వచ్చినవారితో బ్రదుకుట కలవాటుపడిన నేల యది.

అయినను చదువు, కొలువు విషయమున ఒక మెలిక గలదు. పూర్వపు హైదరాబాదు–కర్ణాటక జిల్లాలకు రాజ్యాంగమున 371-జె అధికరణము చేర్చి, విద్యా ఉద్యోగములందు స్థానికులకు ప్రత్యేకపు కేటాయింపు లిచ్చిరి. క్రొత్తగా పోయిన కుటుంబపు పిల్లలకు ఆ స్థానికత వెంటనే వచ్చునని తలపరాదు. ఇటు మన రాష్ట్రపు స్థానికతయు బడి మార్చుటతో చిక్కున పడును. ఎనిమిదవ తరగతి పిల్ల గల యింట ఇది చిన్న మాట గాదు.

ఇక హీరాకుడ్.

విజయనగరము, రాయగడ, టిట్లాగఢ్, బలాంగీరు మీదుగా పోయి బర్‌గఢ్ రోడ్డున దిగితిమి. కొండలు, అడవులు దాటి పోవు దారి. టిట్లాగఢ్ వేసవి యెండలకు పేరుపడినది. మేము పోయినది ఫాల్గునమే గనుక బ్రదికితిమి. బర్‌గఢ్ నుండి అత్తాబిరా పోవు దారి నిరుప్రక్కల కన్నంత మేర దాళ్వా పచ్చగా నిలిచియుండెను. సింధనూరు చూచి వచ్చిన కన్నులకు అది ఎట్లుండునో రైతులకు చెప్పనేల? మా చిన్నవాడు గట్టున కూర్చుండి చాలసేపు లేవలేదు.

హీరాకుడ్ ఆయకట్టు సుమారు లక్షా యేబదియైదు వేల హెక్టార్లకు సార్వాలోను, లక్షా ఎనిమిది వేల హెక్టార్లకు దాళ్వాలోను నీరీయదగినదని లెక్క. దీనికంటె గొప్ప సంగతి వాన. సింధనూరు ప్రాంతమున ఏడాదికి 600 మిల్లీమీటర్ల ప్రాంతముననే వాన. బర్‌గఢ్‌లో 1,300 మిల్లీమీటర్లకు పైబడి కురియును. అనగా కాలువ ఆలసించినను సార్వా పైరు వానతో నిలువగలదు. తుంగభద్రలో కాలువ లేనిదే వరి లేదు. ఇల్లు కదల్చువా డెవ్వడైనను నేల ధరకంటె ముందుగా అడుగవలసిన ప్రశ్న యిది: కాలువ ఒక యేడు రాకున్న ఏమి తినెదము?

అచటివారు నేలను నాలుగు తెగలుగా చెప్పుదురు. గట్టున నున్న మెట్ట "ఆట్". దాని క్రింద నీరు కొంత నిలుచునది "మాల్". ఇంకను దిగువది "బెర్నా". అన్నిటికంటె పల్లమున ఒండ్రు చేరిన మంచి మాగాణి "బాహాల్". ఒకే కమతమున నాలుగును ఉండవచ్చును. అమ్మువాడు బాహాల్ చూపించును. దస్తావేజున ఆట్ కూడ చేరియుండును. "ఎన్ని ఎకరములు" అని యడుగుట చాలదు; "ఏ తెగ యెన్ని డెసిమళ్లు" అని యడుగవలెను. అచట ఎకరమునకు నూరు డెసిమళ్లు, మన సెంట్ల లెక్కయే. కర్ణాటకమున నైతే ఎకరమునకు నలువది గుంటలు. ఈ లెక్క తెలియక దస్తావేజు చదివి ఇబ్బందిపడినవా రున్నారు.

మనవారికంటె ముందుగనే మన విత్తనము అచటికి చేరినది. మార్టేరులో పుట్టిన ఎం.టి.యు. 7029, అదే స్వర్ణ, ఒడిశా యంతటను వ్యాపించినది. పశ్చిమగోదావరి రైతు అచట క్రొత్తవాడైనను పైరు క్రొత్తది గాదు. కాని పుష్యమాసపు చలి క్రొత్తది. దాళ్వా నారుమడి చలికి పసుపుబారి యెదుగక నిలుచును. నారు ఎదుగు నాటికి నాట్లు ఆలస్యమగును. నాట్లు ఆలస్యమైన గింజ పాలుపోసుకొను వేళకు యెండలు ముదురును. మేనత్త కుమారుడు మొదటి రెండేండ్లు ఈ లెక్క తెలియక నష్టపోయితినని దాపరికము లేకుండ చెప్పెను. ఆపైన దోమపోటు. 2017లో పశ్చిమ ఒడిశా యందు దోమపోటు విపరీతముగా వచ్చి, విసిగిన రైతులు చేలకు చేలే నిప్పంటించిరి. నత్రజని యెక్కువగా వేసి, మందుమీద మందు కొట్టు మన అలవాటు అచటికిని మన వెంటనే పోయినదని స్థానికులు కొందరు మాతో ననిరి. కాదనుటకు మాకు నోరాడలేదు.

ధర విషయమున ఒడిశా మేలు. 2024–25 మొదలు ఆ రాష్ట్ర ప్రభుత్వము కేంద్రపు మద్దతు ధరపై క్వింటాలునకు 800 రూపాయలు చేర్చి యిచ్చుచున్నది. 2025–26లో సామాన్య రకపు ధర 2,369 రూపాయలు గనుక, మొత్తము 3,169 రూపాయలు. కొనుగోలు ముఖ్యముగా ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల ద్వారానే జరుగును. అది సంఘ సభ్యులమగు మనకు సంతోషకరమే. కాని ముందుగా పేరు నమోదు కావలెను, టోకెను రావలెను, టోకెను తేదీ దాటరాదు, ఎకరమునకింతయని హద్దు గలదు. తేమయనియు తాలుయనియు బస్తాకు తరుగు తీయు బాధ అచటను వినవచ్చినది. టోకెను రాని రైతు ధాన్యమును వర్తకునకు తక్కువ ధరకే వదలుకొనును. ధర గోడమీద వ్రాసినంత మాత్రమున చేతికి రాదు.

ఇచటను పూడిక గలదు. హీరాకుడ్ కట్టిన నాటి నిలువలో నాలుగవ వంతునకు పైగా పూడినది. పైనున్న ఛత్తీస్‌గఢ్‌తో మహానది నీటి తగవు గలదు. దానికై 2018లో ట్రిబ్యునలు నేర్పరచిరి. కర్మాగారములకు నీరిచ్చుచున్నారని 2007 నవంబరు 6వ తేదీన వేలాది రైతులు హీరాకుడ్ ఒడ్డున చేరి నిరసన తెలిపిరి. నది యున్నచోట తగవు లేకుండుట మనమెరుగము. తగవు కర్ణాటకముననెంత ముదిరినదో యింకను ఇచట అంత ముదురలేదనియే మా తలంపు.

ఒక విషయమును మాత్రము పైపైన దాటిపోరాదు. హీరాకుడ్ జలాశయము క్రింద రెండువందల యెనుబదికి పైగా గ్రామములు మునిగినవి. తర్వాత ఆ నీరు పారిన నేలను వెలుపలివారు కొన్నారు. అచటి ముసలివారిలో ఈ జ్ఞాపకము చావలేదు. మనవారు మునుగలేదు, ముంచలేదు. అయినను ఆ నీటి ఫలమును తినుచున్నాము. దానికి తోడు, బలాంగీరు ప్రాంతపు బీదకూలీలు బిడ్డలతో సహా ఇటుక బట్టీలకై మన తెలుగుజిల్లాలకు వచ్చుచున్నారు. మేమెక్కిన బండి వారి దేశమునకు పోవుచుండగా, వారి నెక్కించుకొన్న బండి మన దేశమునకు వచ్చుచున్నది. పాలెమునకు పోయి నివసింపదలచినవాడు అచటి పేదతో మాటాడు తీరు ముందు నేర్చుకొనవలెను. వినాయకచవితి మరునాడు అచట నూఆఖాయ్ పండుగ. క్రొత్త ధాన్యమును దేవికి నివేదించి, పెద్దలకు మ్రొక్కి కుడుతురు. ఆనాడు పొరుగింటికి పోయి "జుహార్" చెప్పిన కుటుంబమునకు తరువాత బోదె తగవులో సాక్షులు దొరకుదురని మేనత్త కుమారుడు చెప్పెను. ఇరువదియేండ్ల అనుభవము మీద పలికిన మాట.

భాష సులభము గాదు. ఒడియా లిపి మనకు పరిచయము లేనిది. బడిలో నేర్పు ఒడియా వేరు, ఇంటిలోను సంతలోను పలుకు సంబల్‌పురి వేరు. పిల్లలు రెండేండ్లలో నేర్చుదురు. వారి తల్లి సంగతియే ఆలోచింపవలెను. బుర్లాలో 1959 నుండి వైద్యకళాశాల గలదు గనుక పెద్ద ఆసుపత్రికి కొరత లేదు. కాని ఆసుపత్రిలో నొప్పి యెచటనో చెప్పుకొనుటకు మాట కావలెను గదా.

దస్తావేజుల సంగతి. ఒడిశాలో 1960 నాటి భూసంస్కరణ చట్టము 22వ విభాగము ప్రకారము, షెడ్యూల్డు తెగలవారును కులములవారును తమ నేలను ఇతరులకు రెవిన్యూ అధికారి ముందనుమతి లేక అమ్మిన ఆ అమ్మకము చెల్లదు. షెడ్యూల్డు ప్రాంతములలో తెగలవారి నేల ఇతరులకు పోరాదని 2002 నుండి మరింత కఠినముగా నున్నది. బర్‌గఢ్ జిల్లా షెడ్యూల్డు ప్రాంతము గాదు; అయినను అమ్మువాడెవరో చూడక కొనుట తగదు. కర్ణాటకమున వ్యవసాయేతరులు నేల కొనుటపై నున్న అడ్డంకులు 2020లో తీసివేసిరి. కాని ప్రభుత్వము షెడ్యూల్డు కులములకు, తెగలకు మంజూరు చేసిన నేలల బదిలీని 1978 నాటి చట్టము నిషేధించుచున్నది. 2023 సవరణతో, ఎన్నేండ్లు గడచినను మూల యజమాని దావా వేసి తిరిగి పొందవచ్చును. చవుకగా వచ్చిన నేలకు ఇట్టి కారణమేదో యున్నదని సందేహించుటయే క్షేమము. ఇది పేదవాని రక్షణకై చేసిన చట్టము. దానిని తప్పించు దారి చూపెదమను మధ్యవర్తిని వాకిటనుండియే పంపివేయవలెను.

కౌలు మాటయు నంతే. రెండు రాష్ట్రములలోను చట్టము కౌలును కొద్దిమందికి తప్ప ఒప్పుకొనదు. వాడుకలో మాత్రము ఊరూర గలదు. నోటిమాట కౌలుకు పంట ఋణము, బీమా, ఒడిశాలో ధాన్యపు టోకెను, అన్నియు యజమాని దయ మీదనే వచ్చును. ముందుగా మొత్తము సొమ్ము చెల్లించి కూర్చుండరాదు.

తిరిగి వచ్చి యీ సంగతులన్నియు ఆ యింటి అరుగు మీద అందరి యెదుటను చెప్పితిమి. సభ్యులు హీరాకుడ్ వైపు మొగ్గిరి. పెద్దకుమారుడు పిల్లల చదువు చెప్పి సింధనూరనెను. అప్పటివరకు లోపలి గుమ్మము చెంత నిలిచి విన్న ఇల్లాలు, "కాలువ కట్టిన నెలలలో మా తమ్ముని యింట త్రాగు నీరెచ్చటిది?" యని మమ్ము నడిగిరి. రెండు చోట్ల నీటిని గూర్చి ఇంత విచారించిన మేము ఆ ప్రశ్న వేయలేదు. చూచిన దానిని జ్ఞప్తికి తెచ్చుకొని చెప్పితిమి: ఆ ప్రాంతమున అనేకచోట్ల భూగర్భజలము ఉప్పన, కాలువ నీటిని చెరువులకు నింపి వేసవి దాక వాడుకొందురు. బర్‌గఢ్ వైపు మేనత్త కుమారుని యింట పెరటిలో నుయ్యి గలదు, నీరు మంచిది. ఆమె మరేమియు ననలేదు. తన పుట్టింటి పక్షమును ఆమె వదలుకొన్నది ఆ నిమిషముననే యని మాకు తోచెను.

మా యభిప్రాయ మడుగగా దాచక చెప్పితిమి. నాలుగెకరములు ఒక్కసారి అమ్మి పోవుట ఏ దిక్కునకైనను తగదు. ఒక్క పంటతోనైనను ఇల్లు గడపగల నేల కావలెనన్న హీరాకుడ్ మెరుగు; వాన దానికి రక్ష. బంధుబలము, పిల్లల చదువు, ముసలితల్లి సుఖము ముఖ్యమన్న సింధనూరు మెరుగు. కాని తలకట్టున, మురుగు సౌకర్యము గల రెండెకరములే కొని, రెండవ పంట రాదని తలచియే లెక్క వేసికొనవలెను. రెండవ పంట వచ్చిన లాభమనుకొనవలెను గాని, దానిని చూపి అప్పు చేయరాదు. పిల్ల పదవ తరగతి గడచు వరకు పెద్దకుమారుని సంసారము కదలరాదు. ఈ కడపటి మాటకు ఆ పిల్ల తలుపు చాటునుండి సంతోషపడినట్లు వినవచ్చెను.

నాలుగు దినములు వారిలో వారు తర్కించుకొని, చివరకు చిన్నకుమారుని ఒక్కని అత్తాబిరాకు పంపుటకు నిశ్చయించిరి. మేనత్త కుమారుని చేలలో మూడెకరములు సగము పాలునకు ఒక సార్వా, ఒక దాళ్వా చేయవలెను. పుష్యపు చలి, శ్రావణపు వాన, టోకెను వరుస అన్నియు చూచిన పిమ్మట కొనుటయో మానుటయో. ఇచటి నాలుగెకరములలో ఊట దిగు ప్రక్క నొక లోతైన బోదె త్రవ్వి ఉప్పునీటిని మురుగుకాలువలోనికి మళ్లించుటకు చెరువు యజమానులతో సంఘము తరపున మేము మాటాడితిమి. ఒకరు ఒప్పుకొనిరి, రెండవవారు ఆలోచించి చెప్పెదమనిరి. పంచాయతీకి వ్రాసితిమి.

జ్యేష్ఠమాసమున చిన్నవాడు బండి యెక్కెను. పెట్టెలో బట్టలకంటె ఒడియా వాచకములే యెక్కువయని తల్లి నవ్వుచు చెప్పినది. మరునాడు సభ్యులు కార్యాలయమునకు వచ్చి పంట ఋణపు వడ్డీ చెల్లించి, క్రొత్త సార్వా పెట్టుబడికి దరఖాస్తు వ్రాసి యిచ్చిరి. వాటాధనము సంగతి యేమి చేయుదమని మేమడిగితిమి. "ఉండనిండు, చూతము" అని, సంచి పుచ్చుకొని నారుమడి వైపు పోయిరి.